చూచి వచ్చినామా, చుట్టి వచ్చినామా?

విదేశయాత్ర ఒకప్పుడు చదువుకోసమో ఉద్యోగంకోసమో వెళ్ళే కొద్దిమందికి మాత్రమే దక్కే భాగ్యం. నేడు అట్లా కాదు. పిల్లల పెళ్ళిళ్ళు ముగించుకొని, భవిష్యనిధి సొమ్ము చేతికందిన ఉపాధ్యాయ దంపతులు సైతం ఒక యాత్రాసంస్థకు రుసుము కట్టి, నలభైమందితో కలిసి బస్సులో కూర్చొని, తొమ్మిది దినాలలో రెండు దేశాలు చూచి రాగలుగుతున్నారు. ఇది సంతోషించదగిన మార్పే. అయితే ఈ బృందయాత్రలంటే మన విద్యావంతులలో ఒక చులకన భావమున్నది. అది యాత్ర కాదనీ, మందను తోలుకొని పోవడమనీ వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో న్యాయమెంతో విచారించడమే ఈ వ్యాసోద్దేశం. గడచిన వేసవిలో నేనూ నా శ్రీమతీ అటువంటి బృందంలో చేరి క్రొయేషియా, స్లోవేనియా దేశాలు తిరిగి వచ్చినాము. కనుక నేను చెప్పబోయేది ఒకరివల్ల విన్నది కాదు. అందులో నా తప్పు కూడ ఒకటున్నది.

ముందుగా బస్సు పక్షాన రెండు మాటలు చెప్పవలె. భాష తెలియని దేశంలో, మోకాళ్ళు మొరాయించే వయస్సులో, పెట్టెలు మోసుకొంటూ ఊరూరా బస వెదుకుకోవడం మావంటివారికి సాధ్యం కాదు. బస్సు లేకుంటే మేము ఆ నేలపై కాలు మోపేవారమే కాము. ఇక తొందర మాట. ఐరోపా సమాఖ్య నిబంధన ననుసరించి నాలుగున్నర గంటలు బండి నడిపిన డ్రైవరు 45 నిమిషాలు విశ్రమించి తీరవలె. దినానికి ఇన్ని గంటలే నడుపవలెనన్న హద్దు కూడ ఉన్నది. ఒక ఊళ్ళో మనం పది నిమిషాలు ఆలస్యం చేస్తే, ఆ పది నిమిషాలూ మరొక ఊరి లెక్కలోనుండి తరిగిపోతవి. కనుక గొడుగెత్తి పట్టుకొని ముందు నడిచే గైడు మనలను తొందరపెట్టడం ఆమె దోషం కాదు.

గుంపుగా పోవడమే దోషమనడానికీ వీలులేదు. 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పెద్ద పరివారంతోనే బయలుదేరినారు. అయినా దారిపొడుగునా ఊళ్ళను, మనుషులను, ఆచారాలను విచారించి వ్రాసుకొన్నారు. అందుచేతనే ఆ యాత్ర మన సాహిత్యంలో నిలిచిపోయినది. దోషం బండిలో లేదు, గుంపులో లేదు. మరి ఎక్కడున్నది?

మా యాత్ర క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నగరంతో ఆరంభమైనది. ఏడ్రియాటిక్ సముద్రపుటొడ్డున 1,940 మీటర్ల పొడవైన రాతికోట చుట్టుకొని ఉన్న పట్టణమది. 1991 డిసెంబరు 6వ తేదీన యుగోస్లావ్ సైన్యం ఆ ప్రాచీననగరంపై గుండ్లు కురిపించినది. ఆ యుద్ధంలో ఎక్కడెక్కడ గుండ్లు పడినవో చూపే పటం కోట ద్వారంవద్ద గోడకు అమర్చి ఉన్నది. కోటపై నడుస్తూ చూస్తే, రంగు వెలిసిన పాత పెంకుల నడుమ కొత్త పెంకులు వేసిన కప్పులెన్నో కనబడతవి. అంతటి నగరంలో మా బృందం గైడును అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ టెలివిజన్ ధారావాహికను చిత్రీకరించిన మెట్లెక్కడ?" ఆమె నవ్వుతూ తీసుకొనిపోయి చూపినది. పటం ప్రక్కన నిలబడి ఛాయాచిత్రం తీయించుకొన్నవారు సైతం పటాన్ని చదువలేదు. నేను చదివినాను. చదివినందుకు లోలోపల కొంత గర్వపడినాను కూడ. ఆ గర్వం రెండు దినాలలోనే అణగిపోయినది.

అణగినది స్ప్లిట్ నగరంలో. రోమను చక్రవర్తి డయోక్లీషియన్ క్రీ.శ. 305లో సామ్రాజ్యభారం విడిచి, శేషజీవితం గడపడానికి కట్టించుకొన్న సౌధమే ఆ నగరానికి మూలం. ఆ గోడల నడుమ ఈనాటికీ సంసారాలున్నవి, కిటికీలకడ బట్టలారుతున్నవి. ఉత్తరద్వారం వెలుపల ఒక బ్రహ్మాండమైన కంచువిగ్రహం ఉన్నది. ఇవాన్ మెష్ట్రోవిచ్ అనే శిల్పి నిర్మించగా 1929లో ఆ నగరంలో ప్రతిష్ఠించినారు. గ్రంథం పట్టుకొని చేయెత్తి నిలిచిన మతాచార్యుని రూపమది. ఎందరెందరి చేతులో రాచిరాచి ఆయన కాలి బొటనవ్రేలు బంగారంవలె మెరుస్తున్నది. దానిని తాకి కోరుకొంటే మేలు కలుగుతుందని గైడు చెప్పినది. అందరమూ వరుసలో నిలబడినాము. నేనూ తాకినాను. నా మోకాలినొప్పి తగ్గవలెనని కోరుకొన్నాను. ఈ మహానుభావుడెవరని మాత్రం అడుగలేదు.

ఆ రాత్రి బసలో చిల్లర లెక్కపెట్టుకొంటుండగా అయిదు సెంట్ల నాణెంపై వింతగుర్తులు కనిపించినవి. అక్షరాలో అలంకారాలో తెలియలేదు. బసలోని గుమాస్తా నడిగినాను. అవి గ్లాగోలితిక్ లిపిలోని అక్షరాలట. క్రీ.శ. 9వ శతాబ్దిలో స్లావు జనుల భాషకోసం పుట్టిన లిపి అది. 2023 జనవరి 1న క్రొయేషియా యూరో నాణేలను స్వీకరించినప్పుడు, తన చిన్ననాణేలపై ఆ ప్రాచీనలిపిలో దేశనామ సంకేతాన్ని ముద్రించుకొన్నది. ఈ సంగతి చెప్పి ఆ యువకుడు, "పగలు మీరు గ్రెగరీ బిషప్పు బొటనవ్రేలు తాకి ఉంటారు కదా! ఆయన కథ ఇదే" అన్నాడు.

ఆ కథ ఇది. పదవ శతాబ్దిలో గ్రెగరీ నిన్ అనే పట్టణపు బిషప్పు. దేవుని కొలువులో లాటిన్ మాత్రమే వినబడవలెనా, ప్రజల స్లావు భాష కూడ వినబడవచ్చునా అన్న వివాదం ఆనాడు తలెత్తినది. 925, 928 సంవత్సరాలలో స్ప్లిట్‌లో మతసభలు జరిగినవి. గ్రెగరీ ప్రజల భాష పక్షాన నిలిచినాడని ఆ దేశీయుల సంప్రదాయం. ఆయన ఓడిపోయినాడు; రెండవ సభలో ఆయన పీఠమే రద్దయినది. వేయి సంవత్సరాల తరువాత ఆ జాతి ఆయనను కంచులో నిలబెట్టుకొన్నది.

ముప్ఫై సంవత్సరాలుగా మాతృభాష బోధించి జీతం తీసుకొంటున్న వాడను నేను. ప్రజల భాషకోసం నిలిచి ఓడిన మనిషి పాదాలకడ నిలబడి, ఆయనెవరని అడుగక, మోకాలినొప్పికి మొక్కుకొని వచ్చినాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆ సిగ్గే నాకు తరువాతి ఊళ్ళలో గురువైనది. స్లోవేనియా రాజధాని ల్యుబ్ల్యానా. నగరం నడిబొడ్డున 1905లో నిలిపిన విగ్రహమొకటున్నది. రాజుది కాదు, సేనానిది కాదు. ఫ్రాన్స్ ప్రెషెరెన్ అనే కవిది. గైడు ఆయన విఫలప్రణయాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పి, నలభై నిమిషాలు మా ఇష్టానికి విడిచిపెట్టినది. తక్కినవారందరూ ఐస్‌క్రీము దుకాణంవైపు నడిచినారు. నేను ఆమెను సమీపించి, "ఊరి నడుమ కవిని ఎందుకు నిలిపినారు?" అని అడిగినాను. ఆమె ముఖం వికసించినది. చేతిసంచిలోనుండి రెండు యూరోల నాణెం తీసి చూపినది. దానిపై ఆ కవి ముఖమే! పాలకుల భాష జర్మన్‌గా ఉన్న కాలంలో ఆయన తన ప్రజల భాషలో ఉత్తమకవిత్వం చెప్పినాడు. 1849 ఫిబ్రవరి 8న మరణించినాడు. ఆ తేదీ నేడు దేశమంతటికీ సంస్కృతి దినం, కార్యాలయాలకు సెలవు. ఆయన గేయంలోని ఒక చరణమే వారి జాతీయగీతం. అందులో ఉన్నది స్వజాతి ప్రశంస కాదు. లోకంలోని జాతులన్నీ ఇరుగుపొరుగువలె సుఖంగా ఉండవలెనన్న ఆకాంక్ష.

తరువాత ఒక యూరో నాణెం చూపినది. దానిపై ప్రీమొజ్ ట్రుబార్. 1550లో స్లోవేన్ భాషలో తొలి అచ్చుపుస్తకాలు వెలువరించినవాడు. వాటిలో ఒకటి పిల్లలకు అక్షరాలు నేర్పే వాచకం. అక్షరాలు దిద్దించిన వానిని నాణెంపై ఎక్కించుకొన్న దేశమది! ఆ దేశ జనాభా సుమారు 21 లక్షలు మాత్రమే. ఉపాధ్యాయ సోదరులు ఈ సంగతి ఒక్క క్షణం ఆలోచింతురుగాక.

ఇంకొక విశేషం. నన్నూ నా శ్రీమతినీ చూపి ఆమె, "మీరు ముగ్గురుంటే మా భాషలో 'మి' అనవలె, ఇద్దరే కనుక 'మిద్వా' అనవలె" అన్నది. సంస్కృతంలో మనం శబ్దమంజరి ముందు కూర్చొని కంఠస్థం చేసిన ద్వివచనం, అక్కడ సంతలో కూరగాయలు కొనేవారి నోట సజీవంగా ఉన్నది! బదులుగా నేను మన 'మేము', 'మనము' అన్న భేదం చెప్పినాను. వినేవానిని కలుపుకొంటే 'మనము', విడిచిపెడితే 'మేము' అన్నాను. ఆమె దానిని తన పుస్తకంలో వ్రాసుకొని, "ఇంతవరకు ఏ యాత్రికుడూ నన్ను వ్యాకరణం అడుగలేదు" అన్నది.

అడగనిదే అమ్మైనా పెట్టదని మన సామెత. గైడుకు తెలియక కాదు, మనం అడుగక. మెట్లడిగితే మెట్లు చూపినారు; అదృష్టం కోరితే బొటనవ్రేలు చూపినారు; కవిని అడిగితే కవిని చూపినారు. బృందయాత్రపై మోపిన నేరంలో పెద్దపాలు మన మౌనానిదేనని నా నిశ్చితాభిప్రాయం.

విశ్రాంతికోసం వెళ్ళినచోట కూడ పాఠాలా అని కొందరనవచ్చు. నిజమే, ప్రకృతికి పాఠం అక్కరలేదు. ప్లిట్విట్సెలో పదహారు సరస్సులు ఒకదానిలోనుండి ఒకటి జాలువారుతుంటే, నీటిలోని సున్నం నాచుపై పేరుకొని ఆ కట్టలు ఏర్పడినవని తెలియనివాడూ ఆనందిస్తాడు. 1872 నుండి పట్టాలబండి నడుస్తున్న పొస్టోయ్నా గుహలో పసిపిల్లవాడూ ఆశ్చర్యపడతాడు. బ్లెడ్ సరస్సు నడుమ దీవిలో 99 మెట్లెక్కి గుడిగంట మ్రోగించినప్పుడు నేనూ ఏ చరిత్రా తలచుకోలేదు. కాని నగరం వేరు. నగరం ఒకరి ఇల్లు. ఒకరి ఇంటికి వెళ్ళి, గోడమీది పటం ఎవరిదని అడుగక, పలహారం తిని రావడం మర్యాద అనిపించుకోదు.

ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ఏటేటా మన పాఠశాలలు విద్యార్థులను విహారయాత్రలకు తీసుకొనిపోతున్నవి. తిరిగి రాగానే 'మేము చూచిన స్థలములు' అని వ్యాసం వ్రాయిస్తున్నాము. పిల్లలు స్థలాల పేర్లు వరుసగా వ్రాసి మార్కులు తెచ్చుకొంటున్నారు. దానికి బదులు బయలుదేరేముందు ప్రతి విద్యార్థి చేతికి మూడు ప్రశ్నలివ్వండి. అక్కడివారు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? ఊరి నడుమ నిలిచిన విగ్రహం ఎవరిది, ఏ కారణాన నిలిపినారు? ఆ ఊరు ఏ కష్టం పడి నిలదొక్కుకొన్నది? సమాధానాలు పుస్తకంలో కాక, ఆ ఊరి మనుషులనడిగి తెలుసుకొనవలెనని నియమం పెట్టండి. సమాధానం దొరకని ప్రశ్నతో తిరిగివచ్చినా ఫరవాలేదు. ఇందుకు కావలసినది ధనం కాదు, అధికసమయం కాదు. నోరు తెరిచే ధైర్యం.

నాకు ఆ ధైర్యం యాత్ర సగం గడచిన తరువాత గాని రాలేదు. మేము నలభైమందిమి 'మేము'గానే బస్సెక్కినాము. ఊరూరా 'మేము'గానే దిగినాము. ల్యుబ్ల్యానా కూడలిలో మాత్రం, ఆ పరదేశపు యువతితో భాషను గూర్చి మాట్లాడిన కొద్ది నిమిషాలు, 'మనము' అనిపించినది. ఆ కొద్ది నిమిషాలే నేను చూచి వచ్చినవి. తక్కినదంతా చుట్టి వచ్చినది.