బండి మనది, బుద్ధి పరాయిదా?

మొన్న పండుగకు వచ్చిన మా అల్లుడు నా కారులోకి తొంగిచూసి, "ఇదేమిటి మావయ్యగారూ! తొమ్మిది వేలు పెడితే బజారులో మంచి తెర దొరికేది కదా, ఈ వయస్సులో మీకీ తీగల తంటా ఎందుకు?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లవాడు, మంచివాడు. అడిగినది వెటకారంగా కాదు. పండుగపూట వాదమెందుకని నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న అతనొక్కడిది కాదు. చూసిన ప్రతివారూ అదే అడుగుతున్నారు. కనుక నాకు అలవాటైన శాస్త్ర పద్ధతిలో, ముందు పూర్వపక్షం, పిదప సిద్ధాంతంగా, నా సమాధానం ఇక్కడ విన్నవిస్తున్నాను.

ముందు సంగతేమిటో చెప్పాలి. 2014లో కొన్న నా చిన్న కారు డాష్‌బోర్డులో, రేడియో ఉండవలసిన గూటిలో, ఇప్పుడొక కంప్యూటరు ఉంది. అది కొన్నది కాదు, కట్టినది. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై 4 అనే పలక, ఏడంగుళాల తెర, ఉపగ్రహ సంకేతాలను అందుకొనే జీపీఎస్ బిళ్ళ, చేతికి తగిలేటట్లు రెండు తిరుగుడు మీటలు. ఇంతే సరంజామా. కట్టినవాడు నా శిష్యుడు. గుణసంధికీ వృద్ధిసంధికీ భేదం చెప్పలేక ఒకప్పుడు బెంచీ ఎక్కినవాడే. నేడు మా తెనాలిలో ఆటో ఎలక్ట్రీషియను. అందులో నా వంతు రెండే పనులు: తెలుగు చూడడం, టార్చిలైటు పట్టుకోవడం.

పూర్వపక్షం మొదటిది: కొంటే దొరికేదానిని కట్టడమెందుకు?

కొన్నానండీ. మూడేళ్ళ క్రిందట కొన్నాను. తయారీదారు పేరు ఇక్కడ అప్రస్తుతం. అందులో "శ్రీకాకుళం" అన్న పేరు వస్తే శకారం ఒకచోట, పొల్లు ఒకచోట, గుడిదీర్ఘం గాలిలో వేలాడుతూ మరొకచోట. వత్తులన్నీ తల్లిని విడిచిన పిల్లలవలె పక్కకు జరిగి నిలబడేవి. ఫోను చేసి అడిగితే "ఆ మోడలుకు ఇక అప్‌డేట్ రాదు సార్" అన్నారు. ఒకసారి శిష్యురాలి పెళ్ళికని పాడేరు అవతలికి వెళ్ళాము. కొండ ఎక్కగానే ఫోను సిగ్నలు పోయింది, దానితోపాటు పటమూ పోయింది. తెర నిండా బూడిదరంగు గళ్ళు. చీకటిలో రెండు గంటలు తిరిగిన మీదట మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన దారి చూపించాడు. తొమ్మిది వేల తెర కంటె ఆయన చేతికర్ర మేలనిపించింది.

ఇది నా ఒక్కడి బాధ అనుకోకండి. 2022లో అమెరికాలో మూడవ తరం టెలిఫోను సేవలను ఆపివేసినప్పుడు, వాటినే నమ్ముకొన్న పాత కార్లలో అత్యవసర పిలుపు వంటి సౌకర్యాలు మూగబోయాయి. బండి బాగానే ఉంది, ఇంజను బాగానే ఉంది, మధ్యనున్న తీగ లేని తీగ తెగింది. అదే సంవత్సరం బీఎమ్‌డబ్ల్యూ వారు కొన్ని దేశాలలో, కారులో అప్పటికే అమర్చి ఉన్న సీటు వెచ్చదనానికి నెలసరి చందా పెట్టారు. జనం ఛీకొట్టిన మీదట 2023లో విరమించుకున్నారు. ఆ 2023లోనే మొజిల్లా ఫౌండేషన్ వారు 25 కార్ల కంపెనీలు మన సమాచారాన్ని ఎట్లా కాపాడుతున్నాయో పరిశీలించి, ఒక్కదానికీ ఉత్తీర్ణత ఇవ్వలేదు. ముప్పయి ఆరేళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణి. తరగతి తరగతంతా తప్పడం నేనెన్నడూ చూడలేదు!

సిద్ధాంతమేమంటే, డబ్బు చెల్లించినంతమాత్రాన వస్తువు మనదవదు. దానిని విప్పడానికి, సరిదిద్దడానికి, మాన్పడానికి వీలున్నప్పుడే మనది. నాకైన ఖర్చు పదిహేడు వేలు. బజారు తెరకు దాదాపు రెట్టింపు, దాచవలసిన పని లేదు. కాని దేశపటమంతా దాని కడుపులోనే ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004లో మొదలైన, లోకులందరూ కలిసి గీస్తున్న పటమది. ముందే దించి పెట్టుకొంటే సిగ్నలు లేని కొండమీద కూడా పలుకుతుంది.

పూర్వపక్షం రెండవది: తెలియనివాళ్ళు తీగలు ముట్టుకొంటే బండి తగలబడుతుంది.

ఈ మాట కాదనను. అందుకే తెలియాలంటున్నాను. మా శిష్యుడు నాకు పాఠం చెప్పాడు. ఒకప్పుడు నేను చెప్పినదానికంటె బాగానే చెప్పాడు.

"మాస్టారూ, కారు బ్యాటరీని 12 వోల్టులంటారు గాని అది ఒక్క మాట మీద నిలబడదండి. ఇంజను తిరుగుతుంటే 14 దాటుతుంది, స్టార్టరు కొట్టేటప్పుడు 9కీ ఆ కిందికీ పడిపోతుంది. మన పలకకేమో నిలకడగా 5 వోల్టులు, 3 ఆంపియర్ల దాకా కావాలి" అన్నాడు. అందుకని మధ్యలో వోల్టేజిని తగ్గించి నిలబెట్టే చిన్న బిళ్ళ. దానికంటె ముందు, బ్యాటరీకి దగ్గరగా, ఫ్యూజు. ఫ్యూజు లేని తీగ నిప్పుకు దారి, అది వాడి మొదటి సూత్రం.

రెండవ సూత్రం తాళంచెవిది. తాళం తీయగానే కరెంటు ఠక్కున ఆగితే, వ్రాస్తూ వ్రాస్తూ ఉన్న మెమరీ కార్డు చెడిపోతుంది. ఆపకుండా వదిలేస్తే, అరకొర ఆంపియరు చొప్పున లాగినా, 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీని మూడు నాలుగు రోజులలో పీల్చేస్తుంది. కనుక తాళంతో వెలిగే తీగ ఒకటి, ఎప్పుడూ కరెంటుండే తీగ ఒకటి, రెండూ ఇచ్చాడు. మొదటిది ఆరిందని గమనించగానే కంప్యూటరు పుస్తకం మూసి, దీపమార్పి, నిద్రపోతుంది. అటుపైన రిలే రెండవ తీగను తెంపుతుంది. వాక్యం ముగిసిన తరువాతనే పూర్ణవిరామం పెట్టాలి గాని, క్రియకు ముందే పెట్టకూడదు గదా! నాకు వెంటనే అర్థమైంది.

మూడవది ఎండ. ఆ పలక వేడి 80 డిగ్రీలు దాటితే తనంతట తానే నడక తగ్గించుకొంటుంది. వైశాఖమాసంలో తలుపులు మూసిన కారు కుమ్మరి ఆవమే. కనుక గాలి ఆడేటట్లు వెనుక కన్నాలు, చిన్న ఫ్యాను. స్టీరింగు క్రిందనున్న పదహారు కాళ్ళ పరీక్ష సాకెట్టుకు ఒక అడాప్టరు తగిలించి ఇంజను వేడి కూడా తెరమీద చదువుతున్నాము. చదవడమే, వ్రాయడం లేదు. ఇంజనుకు ఆజ్ఞలిచ్చే జోలికి మేము పోలేదు, మీరూ పోకండి. వారంటీలో ఉన్న కొత్త బండి తీగలను అసలే కోయకండి.

పూర్వపక్షం మూడవది: తెర చూస్తూ బండి నడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ వాదానికి నేను తలవంచుతాను. నడుపుతూ ఫోను పట్టుకోవడాన్ని 2019 సవరణలో మోటారు వాహనాల చట్టం ప్రమాదకరమైన డ్రైవింగు క్రింద జమకట్టింది, న్యాయమే. కాని ఈ దోషం కట్టుకొన్నవాడిది కాదు, ఏసీ చలువ తగ్గించడానికి కూడా తెరను నాలుగుసార్లు పొడవమనే పెద్దవాళ్ళది. 2019 నాటికే మాజ్దా వారు తమ కొత్త కారులో తాకుతెర తీసివేసి మీటను తిరిగి పెట్టారు. ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రాలు వేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ, హారను, వైపర్లు, ఇండికేటర్ల వంటివాటికి విడి మీటలు లేని బండ్లకు 2026 నుండి మార్కులు తగ్గిస్తామని ప్రకటించింది. మేము ముందే మీటలు పెట్టుకొన్నాము. ఒకటి ధ్వనికి, ఒకటి పటానికి. సినిమా ఆడే ఏర్పాటు పెట్టనేలేదు. కావాలంటే పెట్టగలిగి ఉండీ పెట్టకపోవడం కూడా కట్టుకొన్నవాడి స్వాతంత్ర్యమే.

పూర్వపక్షం నాలుగవది, అసలైనది: కారులో తెలుగెందుకు? అందరికీ ఇంగ్లీషు వస్తుంది కదా?

ఇక్కడ నాకు కోపం వస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది, గుర్తుందా? మన తెలుగు అక్షరం ఒకటి ఒక విధంగా కూర్చి పంపితే ఆపిల్ ఫోన్లు కుప్పకూలాయి. ఆ అక్షరం "జ్ఞా". జ్ఞానమన్న మాటకు మొదటి అక్షరం! లోకమంతా నవ్వింది గనుక కొద్దిరోజులలోనే సరిదిద్దారు. నా తెరమీద విడిపోయిన శ్రీకారాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. అందువల్ల ఎవరూ దిద్దలేదు. పరాయి యంత్రంలో మన లిపి బాగుపడాలంటే అది లోకానికి వార్త కావాలన్నమాట. నా యంత్రంలో అయితే ఒక సాయంత్రం చాలింది. సరైన ఫాంటు వేసి, అక్షరాలను కూర్చే పనిని అది తెలిసిన హార్ఫ్‌బజ్‌కు అప్పగించగానే వత్తులన్నీ తల్లి ఒడి చేరాయి.

దారి చెప్పే గొంతు ఈస్పీక్ అనే ఉచిత ఉపకరణానిది. లోహపు గొంతే, ఒప్పుకొంటాను. కాని దాని తెలుగు ఉచ్చారణ నియమాలు ఎవరైనా చదవగల మామూలు దస్త్రాలలో ఉన్నాయి. తప్పనిపించిన చోట సూత్రం మార్చి మళ్ళీ పలికించుకొంటున్నాను. పదవీ విరమణ తరువాత నాకు దొరికిన ఆఖరి విద్యార్థి అది. పటంలోనూ ప్రతి ఊరికీ తెలుగు పేరు వ్రాయడానికి విడిగా ఒక గడి ఉంటుంది. మా చుట్టుపట్ల చాలా ఊళ్ళకు ఖాళీగా ఉన్నది. వరుసగా కూర్చుని నింపుతున్నాను.

"అందరికీ ఇంగ్లీషు వస్తుంది" అంటారే, ఆ అందరిలో మా ఇంటావిడ లేదు. ఆమె చదువు అయిదవ తరగతి, తెలుగులోనే. ఇన్నేళ్ళూ నా పక్క సీటులో ఒళ్ళో మంచినీళ్ళ సీసా పెట్టుకొని మౌనంగా కూర్చొనేది. తెరమీద ఏమున్నదో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు అక్షరాలు పెద్దవిగా పెట్టాము. మొన్న చేబ్రోలు వైపు వెళుతుంటే, తెర చూసి, "ఏమండీ, వచ్చేది నారాకోడూరట. ముందు మలుపుందిట, నెమ్మదిగా పోనివ్వండి" అన్నది. నా చూపు రోడ్డు మీదనే ఉంది. మూడవ పూర్వపక్షానికి కూడా అదే సమాధానం.

అల్లుడికి నా జవాబు ఇదే. బాబూ, తొమ్మిది వేలకు తెర వస్తుంది, నిజమే. మీ అత్తయ్య నోటివెంట ఊరి పేరు రాదు.

మిత్రులారా, అందరూ బండ్లు విప్పమని నేననడం లేదు. మీ ఊరి పేరు పటంలో తెలుగులో ఉన్నదేమో ఈ రాత్రికే చూడండి. లేకపోతే మీరే వ్రాయండి. గుణింతం తప్పు పోకుండా వ్రాయండి.

స్వస్తి.