బుల్‌బుల్ పుట్టిల్లు

మల్కాజ్‌గిరిలోని మా ఇంటి అటకమీది పాత బుల్‌బుల్ తరంగ్‌ను దించగానే మనుమడు, "తాతయ్యా, ఇది మన ప్రాచీన వాద్యమా?" అన్నాడు. అవుననబోయి ఆగాను.

పేరులో బుల్‌బుల్ పారసీకం, తరంగం సంస్కృతం; పుట్టుక మాత్రం జపాను. 1912లో, తైషో శకం మొదలైన యేడు, నగోయా నగరంలో మొరిత గోరో తంత్రులపై టైప్‌రైటరువంటి మీటలమర్చి చేసిన 'తైషోగోతో'యే ఇక్కడికి వచ్చి బుల్‌బుల్ అయింది. కొందరికది బాంజో.

కలం, కాగితం అన్యదేశ్యాలని ఒప్పుకొనే తెలుగువారం వాద్యం దగ్గర సంకోచించనేల? దీనిని ప్రాచీనమనడం మొరితకు అన్యాయం; పరాయిదనడం మన వీధుల్లో దానిని వాయించిన వేళ్ళకు అన్యాయం. పుట్టిల్లు చెప్పుకున్నంతమాత్రాన మెట్టినింట కోడలి గౌరవం తగ్గదు. మనుమడికి రెండిళ్ళ పేర్లూ చెప్పాను. మీరూ చెప్పండి.