గ్లాసు తిరిగి ఇచ్చేదాకా...

టీ ఎందుకు తాగుతారంటే టీ ప్రియుల దగ్గర జవాబులకు కొదవా? తలనొప్పిగా ఉందని ఒకరు, నిద్రొస్తోందని ఇంకొకరు, చలేస్తోందని మరొకరు. ఏ కారణమూ దొరక్కపోతే 'ఊరికే'! నల్లమల నడుమ ఉన్న సున్నిపెంటలో దీనికి ఇంకో జవాబు కూడా ఉంది. ఊళ్లో కబుర్లు తెలియాలంటే టీ తాగాల్సిందే.

చెంచుల ఆవాసాలను పెంటలంటారు. ఆ పెంటల అడవిలో కృష్ణ మీద శ్రీశైలం ఆనకట్టకు 1963 జులై 24న నాటి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. దాన్ని కట్టడానికి వచ్చినవాళ్ల కోసం కుడిగట్టు వైపు వెలసిన కాలనీయే నేటి సున్నిపెంట. సర్కారు కాగితాల్లో రైట్ ఫ్లాంక్ కాలనీ. తాతల నాటి ఇళ్లూ, చుట్టరికాలూ ఉన్న పాత పల్లె కాదిది. ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగాలకనీ, కూలి పనులకనీ వచ్చినవాళ్ల ఊరు. అలాంటి చోట టీ అంగడి బల్లే రచ్చబండ. పక్కన కూర్చున్నాయన ఏ జిల్లావాడో, ఏ కులంవాడో తెలియకపోయినా ఫర్వాలేదు. చక్కెర ఎక్కువా తక్కువా అన్నది తెలిస్తే చాలు, మాట కలుస్తుంది!

పులుల అభయారణ్యం కాబట్టి మామూలు రోజుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారిలో వాహనాలను వదలరు. అందుకే తెల్లవారుజామున మరిగే తొలి టీ అచ్చంగా ఊరివాళ్లది. గేట్లు తెరిచాక మెల్లగా మల్లన్న భక్తుల బస్సులూ, కార్లూ మొదలవుతాయి. ఇక 'అన్నా, రెండు టీ... ఒకటి చక్కెర లేకుండా' అన్న కేకలే కేకలు. పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఉంటే ఆ పొద్దుకు ఇంకేం కావాలి?

వానాకాలంలో అయితే ముచ్చటంతా నీళ్ల గురించే. 'డ్యాంలో నీళ్లెంతున్నాయి?', 'గేట్లు ఎత్తినారంటనా?' పూర్తి నీటిమట్టం 885 అడుగులనీ, గేట్లు పన్నెండనీ ఇక్కడ బడిపిల్లాడైనా చెప్పేస్తాడు. 2009 అక్టోబరులో వరద ఆ మట్టాన్నీ దాటిపోయిన సంగతి ఎత్తారా... ఒక టీతో ముగిసే కథ కాదది.

ఇంత చవకగా, ఇంత చిక్కగా టీ దొరకడానికి వెనక ఒక యంత్రం ఉంది. 1930లో అస్సాంలోని ఒక తోటలో విలియం మెక్‌కెర్చర్ అనే ఆయన ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుట్టే పద్ధతి తెచ్చాడు. అదే సీటీసీ. ఆ గుళికలు చిటికెలో రంగు దిగుతాయి, కాసిన్ని వేస్తే చాలు కప్పులకు కప్పులు వస్తాయి. ఒకప్పుడు దొరల పానీయమైన టీ కూలీల గ్లాసులోకి దిగడంలో ఈ గుళికల వాటా చిన్నదేం కాదు.

ఇప్పుడా గ్లాసుకే కష్టమొచ్చింది. కరోనా భయంతో చాలాచోట్ల పేపర్ కప్పులు గాజు గ్లాసుల చోటు ఆక్రమించాయి. పేరుకే పేపరు, లోపల ఉండేది పల్చటి ప్లాస్టిక్ పూత. వంద మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని ఆ కప్పులో పావుగంట ఉంచితే దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. తాగి విసిరేసిన కప్పు ఎటు పోతుంది? ఊరి చుట్టూ ఉన్నది దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యం. ఘాట్ మలుపులో కారు అద్దం దించి విసిరితే అది చేరేది జింకలు మేసే చోటుకే.

గ్లాసులో ఇంకో సుగుణమూ ఉంది. పేపర్ కప్పు పట్టుకుని మనిషి తన దారిన తాను పోవచ్చు. గ్లాసైతే తిరిగి ఇవ్వాలి. ఇవ్వాలంటే అక్కడే నిలబడాలి. ఆ ఐదు నిమిషాల్లోనే పక్కవాడి కూతురు పెళ్లి కుదిరిన సంగతీ, ఎదురింటాయన ఆస్పత్రిలో చేరిన సంగతీ తెలుస్తాయి. ప్రాజెక్టు కట్టడం పూర్తయ్యి, కొలువులు తగ్గిన కాలనీలో ఉన్న నలుగురినీ కలిపి ఉంచేది ఆ ఐదు నిమిషాలే కదా!

గ్లాసు శుభ్రత మీద అనుమానమా? వేణ్నీళ్లతో కడిగి ఇవ్వమని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అదీ నచ్చకపోతే సంచిలో ఒక స్టీలు గ్లాసు వేసుకోండి, బరువేం కాదు. ఈసారి శ్రీశైలం వెళ్తూ సున్నిపెంటలో దిగితే, 'గ్లాసులో పొయ్యన్నా' అనండి. బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు.