రంగు మారితే కత్తి మారినట్టేనా?



జేబుకత్తుల సరదా ఉన్న మనవాళ్లు కొత్త ఏడాది వచ్చిందంటే రెండే మాటలు అంటున్నారు: "ఈసారీ రంగే మార్చాడు", "అయిపోకముందే కొనెయ్యాలి". ఈ రెండూ ఒకే నోట ఎలా వస్తాయని మేం అడుగుతున్నాం.

విక్టోరినాక్స్ 2014 నుంచి ఏటా ఒక కొత్త రంగులో అలాక్స్ పిడి కత్తులు తెస్తోంది. ఆ ఏడాదికే పరిమితం అన్న ముద్రే వాటి అసలు ఆకర్షణ. ఆ ముద్ర చూసి కొని, వాడకుండా బీరువాలో దాచేదీ మనవాళ్లే, కొత్తదనం లేదని తిట్టేదీ మనవాళ్లే. కంపెనీ తిట్లు లెక్కపెట్టదు, అమ్మకాలు లెక్కపెడుతుంది.

ఏటా మార్పు రాకపోవడం తప్పని కూడా మేం ఒప్పుకోం. ఫ్రాన్స్‌లో ఒపినెల్ కత్తి 1890లో పుట్టింది. తెరిచిన బ్లేడు వేలి మీదికి ముడుచుకోకుండా ఆపే ఉంగరం 1955లో గానీ రాలేదు. మార్పంటే అది! వాడేవాడి వేలిని తలచుకుని చేసిన పని. అలాంటి అవసరం ఏటా పుట్టదు. ఏటా పుట్టేది అమ్ముకునే అవసరమే.

నిజంగా మాట్లాడుకోవాల్సింది వేరే ఉంది. కొన్ని దేశాల్లో కత్తుల చట్టాలు బిగుస్తున్నాయి కాబట్టి బ్లేడే లేని పనిముట్టు తయారుచేస్తున్నామని 2024లో విక్టోరినాక్స్ చెప్పింది. కత్తిని పనిముట్టుగా కాక బొమ్మగా చూసేవాళ్లు, అది పనిముట్టేనని ఏ ప్రభుత్వాన్ని ఒప్పించగలరు?

ఈ ఏడాది కొత్త రంగు మానేసి ఒక మంచి సానరాయి కొనండి. నిమ్మకాయ తెగని కత్తి ఏ రంగైతే ఏం?