సీసం తీసుకుపోయారు, పిండి ఎవరికి వదిలారు?



పల్నాడు జిల్లాలో వినుకొండ దాటి నల్లమల వైపు పోతే అగ్నిగుండాల ప్రాంతం వస్తుంది. అక్కడ బండ్లమోటులో సీసం, పక్కనే నల్లకొండలో రాగి. పాతకాలపు తవ్వకాల గుంతలు ఈ కొండల్లో ముందే ఉన్నాయి. తర్వాత జియాలజికల్ సర్వే వాళ్లు వచ్చి బోర్లు వేశారు. 1966లో ప్రభుత్వ సంస్థగా పుట్టిన హిందుస్థాన్ జింక్ బండ్లమోటులో గని నడిపింది. 2002లో ఆ సంస్థే ప్రైవేటు చేతికి పోయింది. ఇప్పుడు గని మూతబడి ఉంది.

అక్కడి ఖనిజం పేరు గాలెనా. పగలగొడితే వెండిలా మెరుస్తూ చిన్న పాచికల్లా విడిపోతుంది. నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. స్వచ్ఛమైన గాలెనాలో 86 శాతానికి పైగా సీసమే, మిగతాది గంధకం. అయితే కొండలో అది డోలమైట్ రాయి మధ్య కొద్దికొద్దిగా ఉంటుంది. అందుకే రాయిని పిండి చేసి, నీళ్లలో నురగ పట్టించి, సీసం ఉన్న భాగాన్ని వేరు చేస్తారు. అది లారీ ఎక్కి పోతుంది. మిగిలిన పిండి మాత్రం అక్కడే పడి ఉంటుంది. ఎంత బాగా తీసినా అందులో కొంత సీసం ఉండిపోతుంది. ఎండాకాలం గాలికి లేస్తుంది, వానకి వాగులో కలుస్తుంది.

సీసం ఇంత వరకు పర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. పెద్దవాళ్లకంటే పసిపిల్లల ఒంటికి అది నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది.

ఇక చట్టం సంగతి. 1997 సమతా తీర్పు మనకు పెద్ద అండ. కానీ అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే. పల్నాడు చెంచు గూడేలు, సుగాలీ తండాలు ఆ గీతకి బయట ఉన్నాయి. గని మూసేటప్పుడు మూసివేత ప్రణాళిక ఉండాలన్న నిబంధన కూడా 2003లో గానీ రాలేదు. అంతకుముందు తవ్విన గుంతల సంగతి అడిగేవాడేడీ?

అయినా మన చేతులు ఖాళీగా లేవు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ గీత అడ్డం కాదు. అడవినీ నీటి వనరులనూ కాపాడుకునే అధికారం ఆ చట్టం గ్రామసభకి ఇచ్చింది. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసమే ఆ డబ్బు.

మేము ఎవరి మీదా ముందే తీర్పు చెప్పట్లేదు. పరీక్ష చెయ్యమంటున్నాం, అంతే. పాత గని చుట్టూ ఉన్న మట్టి, బావినీళ్లు, పిల్లల రక్తం పరీక్షించాలి. ఫలితాలు తెలుగులో, గ్రామసభ ముందు చదివి వినిపించాలి. పిండి గుట్టలకు కంచె వేసి మట్టి కప్పాలి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఊరి దగ్గర కూడా మూతబడిన గని ఉంటే ఒక్కసారి వెళ్లి చూడండి. పిల్లలు ఎక్కడ ఆడుతున్నారో, మేకలు ఎక్కడ నీళ్లు తాగుతున్నాయో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని గ్రామసభలో నిలబడండి. గని మూతబడిందంటే లెక్క తీరినట్టు కాదు.