‘సెయింట్’ కారుకి మళ్ళీ ప్రాణం!

హీరో గుర్రమెక్కి వస్తే జనం హీరోనే చూస్తారు. కారులో వస్తే మాత్రం సగం కళ్ళు కారు మీదే! రోజర్ మూర్‌ విషయంలో సరిగ్గా అదే జరిగింది. ‘ఆక్టోపసీ’ (1983)లో జేమ్స్ బాండుగా ఉదయపూర్ వచ్చి, మన విజయ్ అమృతరాజ్ నడిపిన ఆటోరిక్షాలో పరుగులు తీసిన మూర్‌ని మన ప్రేక్షకులు మరిచిపోలేదు. అంతకు ఇరవయ్యేళ్ళ ముందే ఆయన టి.వి.లో పెద్ద స్టారు! 1962 నుంచి 1969 దాకా నడిచిన ‘ది సెయింట్’ అనే బ్రిటిష్ సీరియల్లో ఆయన వేసిన పాత్ర సైమన్ టెంప్లర్. ఆయన తోలిన తెల్లకారు వోల్వో పి-1800. నంబరు ఎస్.టి. 1.

మొదట నిర్మాతలు జాగ్వార్ కంపెనీవారిని అడిగారు. వాళ్ళు ఇవ్వలేదు. స్వీడన్ వోల్వోవారు ఇచ్చారు. అంతే, ఆ రెండు తలుపుల కూపే కారు ‘సెయింట్ కారు’గా దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది!

ఆ కారు పుట్టుకలోనూ సినిమా కథ వుందండోయ్. దాని రూపం గీసింది పెల్లె పెటర్సన్ అనే స్వీడన్ కుర్రాడు, ఇటలీలో పియెట్రో ఫ్రువా దగ్గర పనిచేస్తున్న రోజుల్లో. పేరు మాత్రం చాలా ఏళ్ళు ఇటలీవారికే దక్కింది. ఘోస్టు రచయితల బాధ ఒక్క మన సినిమావాళ్ళకే కాదన్నమాట! ఆ కుర్రాడు తర్వాత తెరచాప పడవల పందాల్లో రెండు ఒలింపిక్ పతకాలు గెలిచాడు. అది వేరే కథ.

1961 నుంచి 1973 దాకా ఈ మోడల్ కార్లు 47 వేల పైచిలుకు తయారయ్యాయి. వాటిలో ఒకటి అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారి చేతికి చిక్కింది. 1966లో కొన్నాడు. తోలాడు, తోలాడు, తోలుతూనే వున్నాడు... 2013లో అలాస్కాలో మీటరు 30 లక్షల మైళ్ళు దాటింది! అంటే మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లు. గిన్నిస్ బుక్కు ఎక్కాడు. 2018లో ఆయన కన్నుమూసే నాటికి కూడా కారు నడుస్తూనే వుంది.

మరి అదే మోడలు, అదే ఇంజను... ఏ షెడ్డులోనో పట్టా కప్పుకుని ముప్ఫయ్యేళ్ళు పడుకున్న కారు గతేమిటి? కదలదు, మెదలదు, తాకితే రేకు రాలుతుంది. తిరిగితే కారు అరుగుతుంది, నిజమే. కానీ పడుకుంటే కుళ్ళుతుంది!

అలాంటి కారుని బయటికి లాగి, సొంత చేతులతో బాగుచేసుకుందామని యూరప్‌లో, అమెరికాలో ఎందరో ముచ్చటపడతారు. ముచ్చట తీరేది కొందరికే. ఎందుకంటే చాలామంది పని మొదలుపెట్టేది రంగు దగ్గర. అసలు జబ్బు ఎక్కడో అడుగున వుంటుంది.

ఈ కారుకి వేరే చట్రం లేదు, ఒంటి రేకే చట్రం. తలుపుల కింద పొడుగ్గా పెట్టెలా వుండే భాగాన్ని సిల్ అంటారు. బండి నడుము అదే. దానికి లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైకి నిగనిగలాడుతుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోతుంది! అక్కడ పుట్టీ పెట్టి రంగు వేయడమంటే, జ్వరంతో వున్న హీరోయిన్‌కి మేకప్ వేయడమే. తెర మీద బాగానే వుంటుంది, మనిషి మాత్రం నిలబడలేదు.

ఆ భాగాన్ని కోయాలన్నా ఒక పద్ధతుంది. ముందు తలుపు సందులో ఇనుప కడ్డీలు అడ్డంగా బిగించాలి. ఒక వైపు పని పూర్తయ్యాకే రెండో వైపు ముట్టాలి. వెల్డింగు ఖాయం చేసేముందు తలుపు పెట్టి, మూసి చూసుకోవాలి. తొందరపడితే బండి నడుం వంగుతుంది, ఆ తలుపు ఇక జన్మలో సరిగా పడదు.

ఇంజను సంగతి నయం. 1,778 సి.సి.ల నాలుగు సిలిండర్ల మొండి ఇంజను అది. అయినా ఏళ్ళ తరబడి నిద్రపోయినదాన్ని బ్యాటరీ తగిలించి ఒక్కసారిగా తిప్పకూడదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పల్చటి నూనె పోసి, కొన్నాళ్ళు ఓపిక పట్టి, చేత్తో మెల్లగా తిప్పాలి. ట్యాంకులో పెట్రోలు బంకయిపోయి వుంటుంది, కడగాలి. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది గనక లోపలి భాగాలు తుప్పు పట్టి వుంటాయి, మార్చాలి. టైర్లు పైకి కొత్తగా కనిపించినా వయసు వయసే! నడవడం కంటే ముందు ఆగడం నేర్పాలి బండికి.

ఇంజను సామాన్లు దొరుకుతాయి, వోల్వోవారి ‘అమెజాన్’ కారుకీ చాలావరకు అవే గనక. దొరకనివి ఆ కారుకే ప్రత్యేకమైన మెరుపు పట్టీలు, లోపలి అలంకారాలు. అందుకే తెలిసినవాళ్ళు విప్పిన ప్రతి స్క్రూనీ సంచిలో వేసి పేరు రాస్తారు, విప్పేముందు ఫోటో తీస్తారు.

ఇక్కడే అసలు ప్రమాదం. విప్పడం వారం రోజుల పని. బిగించడం ఏళ్ళ పని! డబ్బయిపోతుంది, ఓపికయిపోతుంది, పిల్లల చదువులొస్తాయి. చివరికి కారు నాలుగు అట్టపెట్టెల్లో అమ్మకానికొస్తుంది. ఏ సంచి ఎక్కడిదో కొన్నవాడికి తెలియదు. సగం తీసి ఆపేసిన సినిమా రీళ్ళు ల్యాబులో పడి వుండటం మనకు తెలిసిందేగా? తుప్పు పట్టిన కారుకి ఇంకా ఆశ వుంది. విప్పి వదిలేసిన కారుకి అదీ లేదు. కనక ఒక భాగం ముగించాకే ఇంకోటి విప్పేవాడే గట్టెక్కుతాడు.

గట్టెక్కిన కారు ఒకటుంది. 1967లో రోజర్ మూర్ తన పేరునే రిజిస్టరు చేయించుకుని, సీరియల్లోనూ తోలిన కారది. అసలు నంబరు ఎన్.యు.వి. 648 ఇ. దాన్ని మళ్ళీ మొదటి రూపానికి తెచ్చారు. చెక్క స్టీరింగు, డాష్‌బోర్డు మీద ఉష్ణమాపకం, షూటింగులో హీరోకి చెమట పట్టకుండా బిగించిన చిన్న ఫ్యాను... అన్నీ వున్నాయి. ఆ ఫ్యానుని పాతసామాను కింద పారేసి వుంటే, అది మరో తెల్లకారు అయ్యేది, ‘సెయింట్’ కారు మాత్రం అయ్యేది కాదు!

ముహూర్తానికి కొబ్బరికాయ ఎవరైనా కొడతారండీ. గుమ్మడికాయ కొట్టినవాడే నిర్మాత!