చివరిది కాని కోరిక

తీవ్రమైన వ్యాధితో పోరాడుతున్న పిల్లల కోరికను తెలుసుకొని తీర్చే స్వచ్ఛంద సంస్థల గురించి తెలుగు పత్రికల్లోనూ టీవీల్లోనూ వార్త వచ్చినప్పుడు శీర్షికలో తరచుగా కనిపించే మాట ‘చివరి కోరిక’. ఉరికంబం ఎక్కబోయే ఖైదీని అడిగే ప్రశ్నగా మన వ్యవహారంలో స్థిరపడిపోయిన ఈ మాటను, కీమోథెరపీ సగంలో ఉండి ఇంకా కోలుకునే అవకాశం ఉన్న ఏడెనిమిదేళ్ల బిడ్డకు తగిలించడం భాషాదోషం మాత్రమే కాదు; ఆ బిడ్డ స్థితి గురించీ, ఆ సంస్థలు చేసే పని గురించీ సమాజానికి ఉన్న అపోహ అందులో పూర్తిగా బయటపడుతుంది. ఆ శీర్షికను తల్లిదండ్రులు చదువుతారు, ఇరుగుపొరుగు చదువుతారు, అక్షరాలు వచ్చిన ఆ బిడ్డ కూడా చదవగలదు.

ఈ అపోహకు చారిత్రక కారణం లేకపోలేదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో 1980లో లుకేమియాతో, అంటే రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న ఏడేళ్ల బాలుడు పోలీసు కావాలని ఆశపడినప్పుడు, ఆ రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ ఉద్యోగులు అతని కొలతలకు యూనిఫాం కుట్టించి, హెలికాప్టర్‌లో తిప్పి, గౌరవ అధికారిగా ప్రమాణం చేయించారు. ఏప్రిల్ 29న ఆ కోరిక నెరవేరింది. మే 3న బాలుడు మరణించాడు. ఆ అనుభవం నుంచే అదే ఏడాది ‘మేక్ ఎ విష్’ సంస్థ పుట్టింది. మరణశయ్య పక్కన పుట్టిన సంస్థ కాబట్టి ‘చివరి’ అనే నీడ దానిని చాలాకాలం వెంటాడింది. అయితే ఆ సంస్థ తర్వాతి కాలంలో తన నిబంధనలను మార్చుకొని, మరణం ఖాయమైన పిల్లలకు మాత్రమే పరిమితం కాకుండా ప్రాణాపాయం కలిగించగల వ్యాధి ఉన్న పిల్లలందరినీ తన పరిధిలోకి తెచ్చుకుంది. ఆ మార్పు వెనుక వైద్యరంగంలో వచ్చిన మార్పు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం సంపన్న దేశాల్లో క్యాన్సర్ సోకిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతికి బయటపడుతున్నారు. 2013 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో వేలాది వాలంటీర్లు కలిసి అయిదేళ్ల బాలుడిని ఒక రోజు ‘బ్యాట్‌కిడ్’గా, అంటే బ్యాట్‌మన్ తరహా బాలవీరుడిగా మార్చినప్పుడు అతని లుకేమియా అప్పటికే అదుపులోకి వచ్చింది; అయిదేళ్ల తర్వాత, 2018లో, అతనికి క్యాన్సర్ లేదని ప్రకటించారు. ఆ కోరిక చికిత్స ముగింపును జరుపుకొన్న పండుగే తప్ప వీడ్కోలు కాదు.

ఈ సంస్థల పని జరిగే తీరు బయటివారికి అంతగా తెలియదు. మొదట పిల్లవాడి వ్యాధి సంస్థ నిబంధనల పరిధిలోకి వస్తుందనీ, ప్రయాణమో వేడుకో అతని ఒంటికి హాని చేయదనీ చికిత్స చేస్తున్న వైద్యుడు ధ్రువీకరించాలి, తల్లిదండ్రులు అంగీకరించాలి, ఆ తర్వాతే శిక్షణ పొందిన వాలంటీర్లు బిడ్డను కలుస్తారు. ఎక్కడికైనా వెళ్లడం, ఎవరినైనా కలవడం, ఒక రోజు తాను కోరుకున్న మనిషిగా మారడం, ఏదైనా వస్తువు పొందడం అనే నాలుగు రకాలుగా కోరికలను స్థూలంగా విభజిస్తారు. వాలంటీరు పనిలో అతి కష్టమైన భాగం డబ్బు సమకూర్చడమో అనుమతులు తేవడమో కాదు, చెబుతున్న కోరిక నిజంగా బిడ్డదేనా అని తేల్చుకోవడం. అప్పుల్లో ఉన్న తండ్రి ముఖం చూసి ఖరీదు తక్కువైనది అడిగే పిల్లలు ఉంటారు; తమ్ముడికి ఏదైనా కొనిపెట్టమని అడిగి, తనవల్ల ఇల్లు గుల్లయిందన్న బాధను ఆ రూపంలో తీర్చుకోవాలనుకునే పిల్లలూ ఉండవచ్చు. అందుకే బొమ్మలు గీయిస్తూ, ఆడిస్తూ, అవసరమైతే పెద్దలను కాసేపు పక్కకు ఉండమని కోరి, ఒకటికి రెండుసార్లు మాట్లాడవలసి వస్తుంది.

ఈ అడగడంలోనే అసలు విలువ ఉందని గుర్తించకపోతే ఈ సేవను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. క్యాన్సర్ వార్డులో ఉన్న బిడ్డ తన శరీరం గురించి ఏ నిర్ణయమూ తీసుకోదు: సూది ఎప్పుడు గుచ్చాలో, ఏం తినకూడదో, ఇంటికి ఎప్పుడు వెళ్లాలో, జుట్టు రాలిపోయాక బడికి పంపాలో వద్దో అన్నీ పెద్దలే నిర్ణయిస్తారు, తెల్ల రక్తకణాల సంఖ్య పడిపోయిన రోజుల్లో, వార్డుల్లో ‘కౌంట్ తగ్గింది’ అని చెప్పుకునే ఆ స్థితిలో, స్నేహితులను దగ్గరికి రానివ్వడం కూడా ప్రమాదమే. అటువంటి జీవితంలోకి ఒక కొత్త మనిషి వచ్చి, నీకేం కావాలి అని అడిగి, చెప్పినదాన్ని కాగితం మీద రాసుకొని, దాని కోసం పెద్దవాళ్లందరినీ పరుగులు పెట్టించడం ఆ బిడ్డ చేజారిపోయిన అధికారాన్ని కొంతవరకు తిరిగి చేతికివ్వడమే. వస్తువు ఖరీదుకూ ఈ ఫలితానికీ సంబంధం తక్కువ. సైకిల్, ట్యాబ్, టీవీ వంటి మామూలు వస్తువులు కోరే పిల్లలు మన దేశంలో ఎందరో ఉన్నారు. అడిగిన తీరు సరైనదైతే ఆ సైకిల్ విలువ విదేశీయాత్ర విలువకు ఏ మాత్రం తీసిపోదు.

ఇది భావుకత మాత్రమే అని కొట్టిపారేయడానికి వీల్లేని ఆధారాలు కొన్ని వెలువడ్డాయి. ఇజ్రాయెల్‌లో క్యాన్సర్ ఉన్న 66 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపు కోరికలను ముందు తీర్చి, రెండో గుంపును నిరీక్షణలో ఉంచి జరిపిన అధ్యయనం 2016లో ప్రచురితమైంది. కోరిక తీరిన పిల్లల్లో ఆశాభావం పెరిగిందనీ, దిగులు, ఆందోళన లక్షణాలు తగ్గాయనీ అది తేల్చింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ ఆస్పత్రి పరిశోధకులు 2019లో ప్రచురించిన మరొక అధ్యయనం, కోరిక తీరిన 496 మంది పిల్లలను అదే వయసు, అదే తరహా వ్యాధి ఉండి కోరిక తీరని 496 మందితో పోల్చి, మొదటి గుంపులో అనుకోకుండా ఆస్పత్రిలో చేరవలసిన పరిస్థితులు, అత్యవసర విభాగానికి పరుగెత్తే అవసరాలు తగ్గే అవకాశం ఎక్కువని చూపింది. రెండో అధ్యయనం లాటరీ పద్ధతిలో జరిగినది కాదు కాబట్టి, కోరిక వరకు చేరగలిగిన కుటుంబాలు మొదటినుంచీ కొంత నిలకడైనవేమో అనే సందేహానికి తావుంది; దాని అంకెలను మందు పనితనపు అంకెల్లా ప్రచారం చేయడం సరికాదు. అయినా రెండూ ఒకే దిశను చూపుతున్నాయి. నెలల తరబడి మందుల తేదీలు తప్ప మరేమీ లేని క్యాలెండర్‌లో ఎదురుచూడదగిన ఒక తేదీ చేరడం చిన్న విషయం కాదు.

ఎదురుచూపు మేలు చేసినట్టే ఆలస్యం కీడు చేస్తుంది. ఈ సంగతిని అనుభవంతో గ్రహించినవాడు హెన్రీ లాండ్‌వర్త్. బాల్యంలో నాజీ నిర్బంధ శిబిరాలను చవిచూసి, ఆ తర్వాత అమెరికా చేరి ఫ్లోరిడాలో హోటళ్లు నడిపిన ఈయన, మిక్కీ మౌస్‌ను చూడాలని కోరుకున్న ఒక చిన్నారికి బస ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మిగతా ప్రయాణ ఏర్పాట్లు సమకూరేలోపే ఆ చిన్నారి చనిపోయింది. ఖాళీగా మిగిలిన ఆ గది ఆయన్ని వదల్లేదు. మరే బిడ్డ విషయంలోనూ ఏర్పాట్ల ఆలస్యం మృత్యువుతో పందెంలో ఓడిపోకూడదన్న పట్టుదలతో 1986లో ఆయన ‘గివ్ కిడ్స్ ది వరల్డ్’ సంస్థను స్థాపించాడు; అనారోగ్యంతో ఉన్న పిల్లలు కుటుంబంతో సహా ఉచితంగా ఉండడానికి ఫ్లోరిడాలో ఒక గ్రామాన్నే కట్టించాడు. ఈ రంగంలో దయ కన్నా ముందు కావలసినది సత్వరమైన నిర్వహణ అని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఈ సేవపై వచ్చిన గట్టి విమర్శ తత్వవేత్త పీటర్ సింగర్‌ది. బ్యాట్‌కిడ్ ఉదంతం జరిగిన మరుసటి నెలలోనే ఆయన వాషింగ్టన్ పోస్ట్‌లో రాస్తూ, ఒక్క కోరికకు సగటున అయ్యే 7,500 డాలర్లను మలేరియా దోమతెరలకు వెచ్చిస్తే కనీసం ఇద్దరు ముగ్గురు పిల్లల ప్రాణాలు నిలుస్తాయని, దానానికి హృదయంతోపాటు లెక్క కూడా అవసరమని వాదించాడు. ఈ వాదంలో సగం నిజం ఉంది. కళ్లెదుట కనిపించే ఒక్క ముఖానికి కరిగిపోయే మనసు, ఎక్కడో దూరాన లెక్కల్లో మాత్రమే మిగిలే వందల మందికి కరగదన్నది మానవ స్వభావంలోని లోపమే. అయితే ఒక నగర పోలీసులు, దర్జీలు, డ్రైవర్లు, విద్యార్థులు ఇచ్చే సమయాన్ని దోమతెరలుగా మార్చడం కుదరదు. ప్రాణం నిలపడం ఒక్కటే మేలు అని ఒప్పుకుంటే బాధను తగ్గించడానికి చేసే వైద్యమంతా వ్యర్థమనవలసి వస్తుంది. దయను ఒకే త్రాసులో తూచాలన్న పట్టుదల అక్కడ విఫలమైంది.

కానీ భారతదేశానికి వచ్చేసరికి సింగర్ ప్రశ్న మరింత పదునైన రూపంలో, అదే మంచం మీది అదే బిడ్డ గురించి ఎదురవుతుంది. అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో చాలాచోట్ల క్యాన్సర్ సోకిన పిల్లల్లో 30 శాతం కన్నా తక్కువ మందే బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, మందులు అందకపోవడంతోపాటు, మొదలుపెట్టిన చికిత్సను కుటుంబాలు మధ్యలోనే మానుకోవడం ఇందుకు పెద్ద కారణం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం లుకేమియాకు చికిత్స రెండున్నర మూడేళ్లు సాగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆస్పత్రి ఖర్చును చాలావరకు భరించినా, హైదరాబాద్‌లోనో విశాఖలోనో అద్దెకు ఉండడం, బస్సు చార్జీలు, పోయిన కూలి, ఇంటి దగ్గర వదిలివచ్చిన మిగతా పిల్లల సంరక్షణ ఆ కుటుంబం మీదే పడతాయి. ఊరినుంచి వచ్చిన కుటుంబాలకు ఉచిత వసతి ఇచ్చే సెయింట్ జూడ్ కేంద్రాలు, పిల్లల పోషకాహారం చూసే కడల్స్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఈ ఖాళీని పూరించడానికి పుట్టినవే. ట్యాబ్ ఇచ్చి ఫొటో దిగిన బిడ్డ, మరుసటి నెల చార్జీలు లేక కీమోథెరపీకి రాలేకపోతే ఆ కోరిక తీరిందని రాసుకోవడం అబద్ధమే అవుతుంది. కోరికలు తీర్చే సంస్థలు ఈ సంస్థలతోనూ, నయం చేయడం సాధ్యం కానప్పుడు నొప్పిని, భయాన్ని తగ్గించే ఉపశమన చికిత్సా విభాగాలతోనూ చేయి కలిపి పనిచేయాలి. విడిగా చేసే కోరికల సేవ అసంపూర్ణం.

మేక్ ఎ విష్ భారతీయ శాఖ 1996లో ముంబయిలో మొదలైంది. తెలుగువారికి అది పరిచయమైనది ముఖ్యంగా రెండు రకాల దృశ్యాల ద్వారా: హైదరాబాద్‌లో 2014లో రక్త క్యాన్సర్ ఉన్న పదేళ్ల బాలుడు పోలీసు కమిషనర్ కుర్చీలో కూర్చోవడం మొదటిది, అదే ఏడాది ఖమ్మంలో చికిత్స పొందుతున్న అభిమాని అయిన బాలికను చూడడానికి నటుడు పవన్ కల్యాణ్ ఆస్పత్రికి వెళ్లడం వంటివి రెండోది. వీటిలోని మంచితనాన్ని శంకించనక్కర్లేదు. ఆ బాలిక తర్వాత కోలుకుంది కూడా. కానీ ఆ కోలుకోవడాన్ని తార రాకతో జరిగిన అద్భుతంగా చెప్పుకున్నకొద్దీ వైద్యుల శ్రమ, తల్లిదండ్రుల జాగారాలు కనుమరుగవుతాయి. తార రాలేకపోయిన మరో వందమంది పిల్లల తల్లిదండ్రులకు తమ బిడ్డకు దక్కవలసినదేదో దక్కలేదన్న బాధ మిగులుతుంది. పైగా పేరు, ఊరు, వ్యాధి, ముఖం అన్నీ పత్రికకెక్కిన బిడ్డ పదేళ్ల తర్వాత ఆరోగ్యంగా ఉద్యోగానికో పెళ్లికో సిద్ధమైనప్పుడు, ఒక్క వెతుకులాటతో ఆ గతమంతా బయటపడుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటున్నది గానీ, సహాయం అందిస్తున్న చేతులే కెమెరా పట్టుకొని అడిగినప్పుడు ఏ పేద తల్లి కాదనగలదు? ఆ సమ్మతి సమ్మతి కాదు. ఈ వ్యాసంలో ఏ బిడ్డ పేరూ రాయకపోవడానికి కారణం ఇదే.

దాతలు కూడా కొంత జాగ్రత్త వహించాలి. పిల్లల కోరికల పేరుతో ఫ్లోరిడా కేంద్రంగా విరాళాలు పోగుచేసిన ఒక సంస్థ, పదేళ్లలో వచ్చిన దాదాపు 12.8 కోట్ల డాలర్లలో 11 కోట్ల వరకు విరాళాలు వసూలు చేసిపెట్టే కంపెనీలకే చెల్లించిందని అక్కడి పరిశోధక పాత్రికేయులు 2013లో బయటపెట్టారు. సంస్థ లెక్కలు చూడకుండా బిడ్డ ఫొటో చూసి ఇచ్చే డబ్బుకు పట్టే గతి అలా ఉండవచ్చు.

తెలుగునాట ఈ సేవకు కొరతగా ఉన్నది డబ్బు కన్నా భాష తెలిసిన మనుషులు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి ఆదిలాబాద్ గూడేల నుంచి గోండి మాట్లాడే పిల్లలు రావచ్చు, తండాల నుంచి లంబాడీ మాట్లాడే పిల్లలు, పాతబస్తీ నుంచి ఉర్దూ మాట్లాడే పిల్లలు రావచ్చు. విశాఖ ఆస్పత్రులకు ఒడియా, కువి మాట్లాడే పిల్లలు వస్తారు. అయిదేళ్ల బిడ్డ తన కోరికను పుస్తకాల తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పలేదు, తల్లి భాషలోనే చెబుతుంది. ఆ భాషలు వచ్చిన విద్యార్థులు, రిటైరైన టీచర్లు, నర్సులు తమ సమీపంలోని పిల్లల క్యాన్సర్ వార్డుకో తలసీమియా కేంద్రానికో వెళ్లి, సంస్థ ఏదైనా, వాలంటీర్లుగా పేరు నమోదు చేసుకోవాలి, శిక్షణ తీసుకోవాలి, కెమెరా ఇంటి దగ్గర పెట్టి, వారానికి ఒక్క సాయంత్రం ఆ మంచాల పక్కన కూర్చోవాలి.